గ్లాసు శనగలంటే ఎన్ని గ్రాములు? మీ గ్లాసు లెక్క మీరే కట్టుకోండి

వరలక్ష్మీ వ్రతానికి వాయనంలోకి శనగలు ఎన్ని నానబెట్టాలో తెలియక అత్తయ్యకు ఫోన్ చేశాను. "ముప్పై మందే కదా, ఎనిమిది గ్లాసులు చాలమ్మాయ్" అన్నారు. సరేనని ఎనిమిది గ్లాసులు కొలిచి, రాత్రి నీళ్ళు పోసి పడుకున్నాను. తెల్లవారి చూస్తే శనగలు గిన్నె అంచు దాటి, మూతను పైకి లేపి, గట్టు మీదకు దొర్లుతున్నాయి. ముప్పై మందికీ దోసెడేసి ఇచ్చినా ఇంకా మిగిలాయి. ఆ తర్వాత నాలుగు రోజులు మా ఇంట్లో గుగ్గిళ్ళు, శనగల కూర, శనగల వడలు. మా అబ్బాయి ఇప్పటికీ శనగలంటే దండం పెడతాడు.

అత్తయ్య చెప్పింది తప్పు కాదు. ఆవిడ వంటింట్లో బియ్యం కొలిచే గ్లాసు నిండా 180 మి.లీ. పడుతుంది. నాది 300 మి.లీ. పట్టే పొడుగాటి స్టీలు గ్లాసు. ఆవిడ లెక్కలో ఎనిమిది గ్లాసులు కిలో రెండు వందల గ్రాములు. నా చేతిలో అవే ఎనిమిది గ్లాసులు రెండు కిలోలయ్యాయి. తప్పంతా గ్లాసుదే.

మన ఇళ్ళలో పప్పులన్నీ గ్లాసుతోనే కొలుస్తాం, కొనేది మాత్రం కిలోల్లో. యూట్యూబ్‌లో ఒకరు కప్పు అంటారు, ఇంకొకరు 250 గ్రాములు అంటారు. ఈ రెంటికీ మధ్య వంతెన ఒక్కసారి కట్టుకుంటే చాలు, మళ్ళీ మళ్ళీ వెతుక్కోవలసిన పని ఉండదు. అరగంట పని. త్రాసు లేకపోయినా కుదురుతుంది.

మొదట: మీ గ్లాసులో ఎన్ని నీళ్ళు పడతాయి?

ఇంట్లో ఎన్ని గ్లాసులున్నా, కొలతకు ఒక్కటే పెట్టుకోండి. పప్పు డబ్బాలో పడి ఉండే గ్లాసే అయితే మంచిది, ఎలాగూ చెయ్యి దాని మీదకే పోతుంది. వీలైతే అడుగూ పైభాగమూ ఒకే వెడల్పు ఉన్నది ఎంచుకోండి. మన స్టీలు గ్లాసులు చాలావరకు కింద సన్నగా, పైన వెడల్పుగా ఉంటాయి. అలాంటి గ్లాసులో సగం ఎత్తు వరకు పోస్తే సగం గ్లాసు అయిందనుకుంటాం, నిజానికి సగం కన్నా తక్కువే ఉంటుంది. అరగ్లాసు, పావుగ్లాసు లెక్కలు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

డిజిటల్ త్రాసు ఉంటే పని తేలిక. ఖాళీ గ్లాసు పెట్టి, సున్నా నొక్కి, అంచు దాకా నీళ్ళు పోయండి. నీళ్ళ విషయంలో గ్రాము అంటే మిల్లీలీటరే కాబట్టి త్రాసు మీద 300 కనిపిస్తే మీ గ్లాసు 300 మి.లీ. గ్లాసు. నీళ్ళు అంచు పైకి ఉబ్బి నిలబడతాయి, ఆ ఉబ్బు రాకముందే ఆపండి.

త్రాసు లేకపోతే ఇంట్లో గీతలున్న వస్తువు కోసం చూడండి. పసిపిల్లల పాలసీసా మీద మి.లీ. గీతలు ఉంటాయి. చాలా రైస్ కుక్కర్లతో వచ్చే ప్లాస్టిక్ కప్పు 180 మి.లీ. పడుతుంది. అది జపాన్ వాళ్ళ పాత బియ్యం కొలత, కుక్కర్లతో పాటు మన ఇళ్ళకు వచ్చేసింది. ఇవేవీ లేకపోతే అర లీటరు పాల ప్యాకెట్ ఉండనే ఉంది. పాలు గిన్నెలోకి ఒంపేముందు మీ గ్లాసుతో కొలవండి. ఒక గ్లాసు నిండి రెండోది మూడింట రెండు వంతుల దాకా వస్తే, మీ గ్లాసు రమారమి 300 మి.లీ.

కప్పు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అమెరికా వంటల్లో కప్పు అంటే 237 మి.లీ., దాన్నే 240 అంటారు. మెట్రిక్ కప్పు 250. కుక్కర్ కప్పు 180. వంట వీడియోలో "కప్పు" అనగానే చేతికి అందిన టీ కప్పు తీసుకుంటే అది ఈ మూడింటిలో ఏదీ కాకపోవచ్చు.

పోసే పద్ధతి ఒకటే ఉండాలి

ఒకే గ్లాసు, ఒకే పప్పు, ఇద్దరు మనుషులు. అయినా బరువు తేడా వస్తుంది. ఒకరు డబ్బాలో గ్లాసు ముంచి కుప్పగా తీస్తారు. ఇంకొకరు చాటలోంచి మెల్లగా పోసి, అంచు మీద చేత్తో రాస్తారు. మూడో మనిషి గ్లాసును గట్టు మీద రెండుసార్లు తట్టి, దిగిన చోట ఇంకాస్త పోస్తాడు. తట్టడంతోనే పది పదిహేను గ్రాములు అదనంగా ఇరుక్కుంటాయి. ఇక కుప్ప సంగతి చెప్పక్కర్లేదు, వెడల్పు మూతి గ్లాసుకు కుప్ప పెడితే ఇంకా ఎక్కువొస్తుంది.

నేను చేసేది ఇది. గ్లాసుతో డబ్బాలోంచి నిండుగా తీసి, తట్టకుండా, కుదపకుండా, అంచు మీద వేలో చాకు వెనకభాగమో రాస్తాను. ఇదే మంచి పద్ధతని పట్టుబట్టను. మీకు కుప్పగా తీసే అలవాటే ఉంటే అలాగే కొలిచి, ఆ కుప్పకే బరువు చూసుకోండి. రోజుకో తీరుగా మారకుండా ఉంటే చాలు.

పల్లెల్లో కళ్ళంలో ధాన్యం కొలిచేవాళ్ళకు ఇది బాగా తెలుసు. మొదటి కొలతను "ఒకటి" అనకుండా "లాభం" అని మొదలుపెట్టి, ఆ తర్వాత "రెండు, మూడు" అంటూ పోతారు. కుంచం మీద చెయ్యి ఎలా రాస్తున్నారో అవతలి మనిషి కన్నార్పకుండా చూస్తూ ఉంటాడు. ఆ చేతి వాటంలో ఎంత తేడా వస్తుందో ఇద్దరికీ తెలుసు మరి.

ప్యాకెట్‌తో బరువు కనుక్కోవడం

త్రాసు లేనివాళ్ళకు ఇదే అసలు ఉపాయం. కొత్తగా తెచ్చిన పప్పు ప్యాకెట్ విప్పి డబ్బాలో పోసే రోజున చేయాలి. ప్యాకెట్ మీద నికర బరువు అచ్చేసి ఉంటుంది, అర కిలో లేదా కిలో. అంటే బరువు ఎవరో ముందే తూచి పెట్టారు. మీరు చేయాల్సింది గ్లాసులు లెక్కపెట్టడమే.

మా ఇంట్లో అర కిలో శనగల ప్యాకెట్ విప్పి కొలిస్తే సరిగ్గా రెండు గ్లాసులు వచ్చాయి. 500ని రెండుతో భాగిస్తే గ్లాసుకు 250 గ్రాములు. కిలో కందిపప్పు నాలుగు గ్లాసులు పోశాక చిన్న గుప్పెడు మిగిలింది, అంటే గ్లాసు 245 గ్రాములకు కాస్త అటూ ఇటూ. చివర్లో గ్లాసు పూర్తిగా నిండకుండా మిగిలితే ఏం చేయాలంటే, ఆ మిగిలినదాన్ని చెంచాలతో కొలవండి. తర్వాత నిండు గ్లాసుకు అవే చెంచాలు ఎన్ని పడతాయో చూడండి. గ్లాసుకు ఇరవై చెంచాలు పట్టి, మిగిలింది ఐదు చెంచాలైతే అది పావు గ్లాసు.

అర కిలో కన్నా కిలో ప్యాకెట్‌తో లెక్క కుదురుగా వస్తుంది. ఒక గ్లాసులో చెయ్యి కాస్త తేడా పడినా నాలుగైదు గ్లాసుల మీద సర్దుకుపోతుంది. విడిగా కొనేవాళ్ళయితే కొట్లోనే తూచి ఇచ్చింది ఇంటికొచ్చి కొలుచుకోవచ్చు. నేనైతే మొదట్లో ఒకసారి గ్లాసు సంచీలో వేసుకుని తెలిసిన కిరాణా కొట్టుకే వెళ్ళాను. మధ్యాహ్నం బేరాలు లేని వేళ చూసి అడిగితే ఆయనే నవ్వుకుంటూ నాలుగు రకాల పప్పులు తూచి పెట్టాడు.

త్రాసు ఉంటే ఒకే పప్పును మూడుసార్లు పోసి తూచండి. మూడూ మూడు అంకెలు చూపిస్తాయి, కంగారు పడొద్దు. మధ్యలో వచ్చిన అంకె రాసుకోండి.

ముందుగా చేతిలో ఉంచుకోదగ్గ అంకెలు

మీ అంకెలు వచ్చేదాకా పని నడవాలి కదా. అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పట్టికల్లో వాళ్ళ కప్పుకు, అంటే 237 మి.లీ.కి, ఎండు గింజల బరువులు ఇచ్చారు. పెసలు 207 గ్రాములు, మినుములు కూడా అంతే. శనగలు 200, మసూర్ 192, సోయా 186, రాజ్మా 184, బొబ్బర్లు 167, పచ్చి వేరుశనగ గుళ్ళు 146. వీటిని 2.37తో భాగిస్తే 100 మి.లీ.కి ఎంతో తెలుస్తుంది. మన వాడకానికి అదే సులువు:

పెసలు, మినుములు – 87 గ్రాములు
శనగలు – 84
మసూర్ – 81
రాజ్మా, సోయా – 78
బొబ్బర్లు – 70
వేరుశనగ గుళ్ళు – 62

కందిపప్పు, శనగపప్పు, పెసరపప్పు, మినపగుళ్ళు నేను తూచినప్పుడు 80కీ 85కీ మధ్యే తిరిగాయి. మీ గ్లాసు 200 మి.లీ. అయితే పై అంకెలను రెట్టింపు చేయండి, 300 అయితే మూడింతలు.

బొబ్బర్లు, వేరుశనగ పక్కన పెడితే మిగతావన్నీ 80కి చుట్టుపక్కలే ఉన్నాయని మీరు గమనించే ఉంటారు. అందుకే నోటిలెక్క ఒకటి పనికొస్తుంది. మిల్లీలీటర్లలోంచి ఐదో వంతు తీసేస్తే గ్రాములు. గ్రాములకు పావు వంతు కలిపితే మిల్లీలీటర్లు. 250 మి.లీ. పప్పు అంటే 200 గ్రాములు. 400 గ్రాములు కావాలంటే 500 మి.లీ. పోసుకోవాలి. సాంబారుకూ పప్పుకూ ఇంతకంటే కచ్చితం అక్కర్లేదు.

రాజ్మా గింజ పెద్దది, పెసర గింజ చిన్నది. మరి గ్లాసు బరువులు ఇంత దగ్గరగా ఎలా వచ్చాయి? పెద్ద గింజల మధ్య పెద్ద సందులుంటాయి, కానీ తక్కువ ఉంటాయి. చిన్న గింజల మధ్య చిన్న సందులు, కానీ లెక్కలేనన్ని. మొత్తం మీద ఖాళీ ఇంచుమించు ఒకటే. కావాలంటే గ్లాసు నిండా శనగలు పోసి, వాటి మీద అంచు దాకా నీళ్ళు పోయండి. 300 మి.లీ. గ్లాసులో రమారమి 120 మి.లీ. నీళ్ళు పడతాయి. నిండు గ్లాసు అనుకున్నదాంట్లో ఐదింట రెండు వంతులు గాలే అన్నమాట. పిల్లలకు చూపిస్తే సంబరపడతారు. శనగలు నీళ్ళు పీల్చకముందే గబగబా కొలవాలి, తర్వాత వాటినే నానబెట్టేసుకోవచ్చు.

గింజ పరిమాణం కన్నా ఆకారమే తేడా తెస్తుంది. గుండ్రటి పెసలు ఒద్దికగా సర్దుకుంటాయి. వంపు తిరిగిన బొబ్బర్లు, కోలగా ఉండే వేరుశనగ గుళ్ళు అడ్డదిడ్డంగా పడి సందులు వదులుతాయి. వేరుశనగలో నూనె కూడా ఉంది, అదీ తేలికే. ఇంకోటి, గింజ పెద్దదై కొలపాత్ర చిన్నదైతే అంచుల దగ్గర ఖాళీ ఎక్కువ మిగిలిపోతుంది. రాజ్మాను చెంచాలతో, చిన్న టీ కప్పుతో కొలవకండి. పెద్ద గ్లాసుతో కొలిస్తేనే నమ్మకం.

ఈ లెక్కలు గింజలకూ పప్పులకూ మాత్రమే. పిండి దగ్గరకు తీసుకెళ్ళొద్దు. కప్పు శనగపప్పు 200 గ్రాములకు దగ్గరగా తూగితే, జల్లించిన శనగపిండి అదే కప్పుకు 92 గ్రాములే. సగం కూడా లేదు.

డబ్బా మూత మీద రాయండి

కాగితం మీద రాసి అలమరలో పెడితే అది పోతుంది. ఫోన్‌లో రాసుకుంటే పిండి చేత్తో ఫోన్ పట్టుకోలేం. డబ్బా మూత లోపలివైపు చిన్న కాగితం అంటించి "గ్లాసు – 250" అని రాయండి. ఎంత కావాలో అంతే రాయాలి, మళ్ళీ కప్పులు, ఔన్సులు రాసి గజిబిజి చేయొద్దు.

వంటలో 250 గ్రాముల రాజ్మా అని ఉందనుకోండి. మూత మీద "గ్లాసు – 234" అని ఉంటే ఒక గ్లాసు పోసి, పైన ఒక చెంచాడు వేస్తే సరిపోయింది. 400 గ్రాముల పెసలు కావాలి, మూత మీద 260 ఉంది. 400ని 260తో భాగిస్తే ఒకటిన్నర గ్లాసు, పైన చెంచాడు. పెన్ను పట్టుకోవాల్సింది పెద్ద వంటలప్పుడే.

నానాక లెక్క మారిపోతుంది

అసలు చిక్కు ఇక్కడుంది. నా వ్రతం రోజు తలనొప్పి కూడా ఇదే.

ఎండు శనగలు రాత్రంతా నానితే తమ బరువంత నీళ్ళు తాగుతాయి. కిలో ఎండువి పొద్దునకు దాదాపు రెండు కిలోలు. ఉడికాక ఇంకాస్త పెరుగుతాయి, రెండుంపావు నుంచి రెండున్నర రెట్లు. రాజ్మా, బొబ్బర్లు కూడా ఇదే దారి.

బరువు రెట్టింపు అయింది కదా, గిన్నెలో చోటు కూడా రెట్టింపు పడుతుందనుకుంటాం. అంతకన్నా ఎక్కువే పడుతుంది, రెండున్నర రెట్ల దాకా. నీళ్ళు తాగిన గింజ ఉబ్బుతుంది, అంతే చోటుకు చూస్తే ఎండుగింజ కన్నా తేలికవుతుంది, సందులు మాత్రం ఎప్పటిలాగే ఉంటాయి. అందుకే ఒక విచిత్రం. అమెరికా కప్పు నిండా ఎండు శనగలు 200 గ్రాములు తూగితే, అదే కప్పు నిండా ఉడికిన శనగలు 164 గ్రాములే. ఉడికినవి కదా బరువెక్కి ఉంటాయనుకుంటే పొరపాటు.

కాబట్టి వంటలో "కప్పు శనగలు" అని కనబడితే ముందు అడగాల్సిన ప్రశ్న, ఎండువా, నానినవా, ఉడికినవా అని. కప్పు ఉడికినవి కావాలంటే మూడో వంతు కప్పుకు కాస్త పైన ఎండువి నానబెడితే చాలు.

షుగర్ ఉండి తిండి తూచుకు తినేవాళ్ళు, జిమ్‌కు వెళ్ళి ప్రొటీన్ లెక్కపెట్టుకునే పిల్లలు కూడా ఇక్కడే పొరబడతారు. 100 గ్రాముల ఎండు శనగల్లో 20 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. 100 గ్రాముల ఉడికిన శనగల్లో 9 గ్రాములకు కాస్త అటూ ఇటూ. ప్రొటీన్ ఎక్కడికీ పోలేదు, మధ్యలో నీళ్ళు చేరాయి. అందుకని తూచేదేదో పచ్చిగా ఉన్నప్పుడే తూచుకోవడం మేలు.

ముప్పై మందికి వాయనం శనగలు, ఈసారి సరిగ్గా

వెనక నుంచి మొదలుపెట్టండి. మనిషికి ఎంత ఇస్తారు? దోసెడు నానిన శనగలు 100 గ్రాములు అనుకుందాం. ముప్పై మందికి మూడు కిలోల నానినవి. ఎండువి అందులో సగం, కిలోన్నర. మూత మీద గ్లాసు 250 అని ఉంది కాబట్టి ఆరు గ్లాసులు. అత్తయ్య గ్లాసయితే 150 గ్రాముల చొప్పున పది. ఆవిడ ఎనిమిది అన్నారంటే మనిషికి 80 గ్రాముల లెక్కన అన్నారన్నమాట, ఎన్నో ఏళ్ళుగా ఇస్తున్న చెయ్యి అది.

ఇక గిన్నె. కిలోన్నర ఎండు శనగలు 1.8 లీటర్ల చోటు పడతాయి. నానాక నాలుగున్నర లీటర్లకు దగ్గరవుతాయి. వాటి మీద నాలుగు వేళ్ళ నీళ్ళు నిలవాలి. ఏడెనిమిది లీటర్ల గిన్నె తీసుకుంటే తెల్లవారి గట్టు తుడుచుకునే బాధ ఉండదు. పెద్ద గిన్నె లేకపోతే రెండింట్లో పంచండి. నీళ్ళు శనగలకు మూడింతలు పోయండి, వేసవిలో అయితే మధ్యలో ఒకసారి మార్చండి, లేకపోతే పులిసిన వాసన వస్తుంది.

గుగ్గిళ్ళు చేయాలంటే కుక్కర్ సంగతి కూడా చూసుకోవాలి. పప్పులు, గింజలు నీళ్ళతో కలిపి కుక్కర్‌లో సగం దాటకూడదు. ఐదు లీటర్ల కుక్కర్‌లో రెండున్నర లీటర్ల దాకానే. మూడు కిలోల నానిన శనగలు అందులో ఒక్కసారికి పట్టవు, రెండు వాయిలు కూడా ఇరుకే, మూడు వాయిలు వేసుకోండి.

అమెరికా వంటలు చూసి చేసేవాళ్ళకు

అక్కడున్న మనవాళ్ళకూ, వాళ్ళ వీడియోలు చూసి చేసే మనకూ మూడు మాటలు అడ్డం పడతాయి. ఒకటి పౌండు, 454 గ్రాములు. పౌండు రాజ్మా అంటే వాళ్ళ కప్పుతో రెండున్నర కప్పులు. రెండోది ఔన్సు, 28 గ్రాములు. ద్రవాలను కొలిచే ఔన్సు వేరే ఉంది, అది 30 మి.లీ.కి కాస్త తక్కువ. కొలకప్పు మీద ఔన్సు గీతలు ఉంటే అవి ద్రవాలవి, వాటితో ఎండు గింజలు కొలిచి బరువు అనుకోవద్దు.

మూడోది డబ్బా. "రాజ్మా ఒక డబ్బా" అంటే 15 ఔన్సులది, 425 గ్రాములు. అందులో నీళ్ళు వంపేస్తే గింజలు 250 గ్రాములకు దగ్గరగా మిగులుతాయి. వాటికి బదులు ఎండు రాజ్మా వేయాలంటే 100 నుంచి 110 గ్రాములు, అర కప్పుకు కాస్త పైన. ఒక డబ్బాకు ఒక కప్పు ఎండువి నానబెట్టేస్తే కూర రెండింతలవుతుంది. మా చెల్లెలు అక్కడికి వెళ్ళిన కొత్తలో ఇదే చేసింది, వారం రోజులు లంచ్ బాక్సులో రాజ్మానే.

డబ్బా బదులు ఎండువి వాడేటప్పుడు ఇంకో సంగతి మరవకండి. డబ్బాలోవి ఉడికినవి, ఎండు రాజ్మా పచ్చిది. సరిగ్గా ఉడకని ఎర్ర రాజ్మా కడుపును అతలాకుతలం చేస్తుంది, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. నానబెట్టిన నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం పది నిమిషాలైనా తెర్లనివ్వాలి, అరగంటయితే ఇంకా మంచిది. కుక్కర్‌లో మెత్తగా ఉడికిస్తే భయం లేదు. సన్నటి వేడి మీద గంటల తరబడి ఉడికించే స్లో కుక్కర్‌లో మాత్రం నేరుగా వేయకండి, ఆ వేడి చాలదు.

ఇడ్లీ పిండి దగ్గర పేచీ

గ్లాసా, గ్రాములా అన్న తేడా నాలుకకు తెలిసే వంట ఇడ్లీ. "ఒకటికి రెండు" అంటారందరూ. అంటే గ్లాసు మినపగుళ్ళకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. ఇది గ్లాసుల లెక్క. రవ్వ మినపగుళ్ళ కన్నా తేలిక. నా గ్లాసుకు మినపగుళ్ళు 250 తూగితే ఇడ్లీ రవ్వ 215 తూగింది. రెండు గ్లాసుల రవ్వ 430 గ్రాములు. బరువుల్లో చూస్తే ఒకటికి రెండు కాదు, ఒకటికి 1.7 మాత్రమే.

ఇప్పుడు ఇదే మాటను త్రాసు మీదకు తీసుకెళ్ళి 250 గ్రాముల మినపగుళ్ళకు 500 గ్రాముల రవ్వ వేస్తే, 70 గ్రాములు ఎక్కువ పడ్డట్టు. ఇడ్లీ గట్టిగా వస్తుంది, మనం మినప్పప్పు పాతదైందని కొట్టువాడిని తిట్టుకుంటాం. కొత్తగా త్రాసు కొన్న ఉత్సాహంలో నేను చేసిన పనే ఇది. పాళ్ళు గ్లాసుల్లో చెప్పినవైతే గ్లాసుతోనే కొలవండి. తూచాలనుకుంటే ముందు గ్లాసులను గ్రాములుగా మార్చి, ఆ గ్రాములు రాసిపెట్టుకుని, ఆపైన త్రాసు వాడండి.

పొట్టు మినప్పప్పు వాడేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి, కడిగాక పొట్టు పోయి పప్పు తగ్గుతుంది. కాస్త ఉదారంగా పోసుకోండి.

సోలలు, తవ్వలు, వీశలు

పెద్దవాళ్ళ దగ్గర వంట రాసుకునేటప్పుడు పాత కొలతలు వస్తాయి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. ఇవన్నీ చోటును కొలిచేవి, బరువును కాదు. ఊరికీ ఊరికీ వీటి పరిమాణం మారేది కాబట్టి అమ్మమ్మ సోలకు లీటర్ల లెక్క ఎక్కడో వెతకొద్దు. ఆ సోలే ఇంట్లో ఉంటే నీళ్ళు పోసి కొలవండి, మొదట గ్లాసుకు చేసినట్టే.

వీశ, పలం, తులం బరువులు. తులం 11.66 గ్రాములు, మూడు తులాలు ఒక పలం అంటే 35 గ్రాములు, నలభై పలాలు ఒక వీశ అంటే 1.4 కిలోలు. "వీశెడు మినప్పప్పుతో సున్నుండలు" అంటే కిలో నాలుగు వందలు. వీటితో పేచీ లేదు.

పేచీ అంతా శేరుతోనే. మద్రాసు లెక్కలో శేరు 24 తులాలు, 280 గ్రాములు. ఉత్తరాది లెక్కలో 80 తులాలు, 933 గ్రాములు. కొన్నిచోట్ల శేరు బరువే కాదు, బియ్యం కొలిచే పాత్ర. పాత నోటు పుస్తకంలో "శేరు కందిపప్పు" అని ఉంటే అంకె జోలికి పోకుండా, ఎంతమందికి చేసేవారో, ఏ గిన్నెలో వండేవారో అడగండి. జవాబు దొరుకుతుంది.

పోపులో వేసే మినప్పప్పుకూ, పచ్చట్లోకి శనగపప్పుకూ ఈ లెక్కలేవీ వద్దు. చెంచాడు అంటే చెంచాడే.

చివరగా గ్లాసు సంగతి. మూతల మీద లెక్కలన్నీ ఆ ఒక్క గ్లాసు మీదే నిలబడ్డాయి. అది పక్కింటికి చక్కెరతో వెళ్ళి తిరిగి రాకపోతే అన్నీ మళ్ళీ కొలుచుకోవాలి. అందుకే నేను దాన్ని స్టీలు సామాన్ల కొట్టుకు తీసుకెళ్ళి, అడుగున "300" అని చెక్కించాను. చెక్కే ఆయన మిషన్ ఆపి, "పేరు కదమ్మా వేయిస్తారు, ఈ నంబరేంటి?" అన్నాడు. వచ్చే శ్రావణానికి అత్తయ్య గ్లాసు కూడా తీసుకెళ్ళాలి, దానికి 180.